గస్తోన్ మురో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు

గస్తోన్ మురో పుట్టిన దగ్గర్నుంచి ఒక్క నిజం కూడా చెప్పలేదు.

సరే, ఒక్కటి కూడా అంటే మరీ అన్యాయం. పేరడిగితే సరిగ్గానే చెప్పేవాడు. టైమెంతైందంటే సెకన్లతో సహా చెప్పేవాడు, జన్మంతా గడియారాలు చేసిన మనిషి కదా. పెళ్లినాడు చర్చిలో ఫాదరు గారు అడిగినదానికి "ఒప్పుకుంటున్నాను" అన్నాడు, ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా. అతను అబద్ధమాడేది ఒక్క విషయంలోనే. తను ఎక్కడికి వెళ్తున్నాడో, ఎక్కణ్ణించి వస్తున్నాడో మాత్రం దేవుడు దిగివచ్చి అడిగినా చెప్పడు. తప్పుడు దారి చూపిస్తాడు. దేవుడు ఆ దారినే పోయి, బురదలో దిగబడి, పంచె పిండుకుంటూ పైకి వెళ్లిపోతాడు.

దీనికంతటికీ కారణం పుట్టగొడుగులు. బెజాన్సోన్ ఊరి చుట్టూ కొండలూ అడవులూనూ. ఎండలు తగ్గి నాలుగు చినుకులు పడగానే ఆ అడవుల్లో సెప్ అనే పుట్టగొడుగు లేస్తుంది. బొద్దుపాటి కాడ, కాల్చిన రొట్టె రంగు గొడుగు. దాన్ని వెన్నలో వేయిస్తుంటే పక్కింటివాళ్లు ఏదో ఒక వంక పెట్టుకుని తలుపు తడతారు. ఆ ఊరి మనిషి తన జబ్బుల గురించి చెప్పేస్తాడు, అల్లుడి గురించి చెప్పేస్తాడు, ఓటెవరికి వేశాడో కూడా చెప్పేస్తాడు. సెప్‌లు దొరికే చోటు మాత్రం చెప్పడు. ఇది అందరికీ ఉన్నదే. గస్తోన్‌కి ముదిరింది. అడవికి పోయేటప్పుడు మాత్రమే అబద్ధమాడితే దొరికిపోతానని, రొట్టె కొనడానికి వెళ్లినా అబద్ధమే చెప్పేవాడు.

"ఎక్కడికండీ బయల్దేరారు?" అని ఎవరైనా అడిగితే అతని జవాబు ఒకటే.

"పళ్ల డాక్టరు దగ్గరికి."

అతని నోట్లో ఉన్నవి ముప్ఫయ్యో ఏటినుంచీ కట్టుడు పళ్లే.

ఓసారి ఈస్టరు ముందు చర్చిలో పాపాలు చెప్పుకోవడానికి మోకరించి, అబద్ధాలాడానని ఒప్పుకున్నాడట. తెర అవతల ఫాదరు గారు గొంతు మెత్తగా చేసి, "దేని గురించి నాయనా? మనసులో బరువుంచుకోకు. ఏ చెట్ల కింద?" అన్నారట. గస్తోన్ సిలువ గుర్తు వేసుకుని లేచి వచ్చేశాడు. ఇంకోసారి పొట్టకు ఆపరేషన్. మత్తు ఎక్కించే ముందు సర్జన్ గారు చెవి దగ్గరికి వంగి, జరగరానిది జరిగితే ఆ చోటు ఎవరికీ తెలియకుండా పోతుందే అని బాధపడ్డారు. గస్తోన్ కళ్లు మూతలు పడుతుండగా ఒక చోటు చెప్పాడు. ఆ ఆదివారం సర్జన్ గారు ఒక బూటు చిత్తడి నేలకు సమర్పించుకుని కుంటుతూ ఇంటికొచ్చారు. కుట్లు విప్పేటప్పుడు ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. కుట్లు మాత్రం కాస్త గట్టిగానే లాగారని గస్తోన్ భార్య ఒదెత్ అంటుంది.

ఈ ఇంటికి, మేడమీద గదిలో ఉండి చదువుకోవడానికి, మెక్సికో నుంచి మారిసోల్ అనే అమ్మాయి వచ్చింది.

మారిసోల్‌ది కంగారు స్వభావం. విమానంలో పక్క సీటాయన కునుకు తీస్తే, పైలట్‌కి కూడా నిద్రొచ్చిందేమోనని భయపడే రకం. వానొస్తే వరదొస్తుందని, ఎండొస్తే కరువొస్తుందని బెంగ. అలాంటి పిల్ల ఆ ఊరి పాత గడియారాల పనివాళ్ల బతుకుల మీద థీసిస్ రాసింది. అందులో మూడో అధ్యాయం మొత్తం గస్తోన్ నోటివెంట విన్నదే. శీతాకాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని అతను చెప్పాడు, ఆమె రాసుకుంది.

క్లాసులో ఆమె పక్కన కూర్చునే సెలోమ్ అనే టోగో కుర్రాడు ఈ సంగతి విని చేతిలో పెన్ను కింద పెట్టేశాడు.

"చెల్లెమ్మా, ఇంత ఊళ్లో పోయి పోయి ఆ మనిషినా సాక్షిగా పెట్టుకున్నావు?" అన్నాడు. "ఆయన గడియారం చూపించి గుర్రం అన్నా అంటాడు."

ఆ రాత్రి నుంచి మారిసోల్ కంగారుకి మూడో అధ్యాయం కూడా తోడైంది.

పైగా ఇంకో భయం. ఆ దేశంలో థీసిస్ వైవా నలుగురి ముందు జరుగుతుంది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అమ్మానాన్నలు, అత్తలు, చుట్టుపక్కల వాళ్లు వచ్చి కుర్చీలు నింపుతారు. అది గట్టెక్కాక అక్కడే బల్ల వేసి తిండీ తాగుడూ పెట్టాలి, అది చదువుకున్న పిల్ల ఇంటివాళ్ల మర్యాద. తల్లి ఏదో వండుకొస్తుంది, మేనమామ సీసాలు మోసుకొస్తాడు. మరి సముద్రం అవతల ఇల్లున్న వాళ్లకి ఎవరొస్తారు? కిందటేడు సెలోమ్ మొదటి ఏడాది వైవా నాడు గది నిండా కుర్చీలున్నాయి, కుర్చీల నిండా ఎవరూ లేరు. అతను ఒక్కో వాక్యం చెప్పి ఆగితే వెనక గోడ ఆ వాక్యాన్నే మళ్లీ చెప్పేది. చివర్లో బల్ల మీద ఒక చిప్స్ పొట్లం పెట్టాడట. ప్రొఫెసర్లు ఎంతో మర్యాదగా తలా ఒక చిప్స్ ముక్క తీసుకుని, చాలా బావుందన్నారట.

"నవ్వకు," అన్నాడు సెలోమ్ తనే నవ్వుతూ. "ఆ చిప్స్ నమిలిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది."

మారిసోల్ నవ్వలేదు. ధైర్యం చేసి అందరినీ పిలిచింది. గురువారం నా వైవాకి రండి అని గస్తోన్‌ని అడిగితే, అతను మీసం సర్దుకుని, ఆ రోజు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నాడు. ఒదెత్ దోల్ ఊళ్లో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి పోవాలంది. సాసేజీలు అమ్మే లూసియెన్, గురువారమైతే సరుకు దింపుకోవాలని కత్తికేసి చూస్తూ చెప్పాడు. మందుల షాపు రొలాన్ మేడమ్ లెక్కలు చూసుకోవాలంది. సరేనండీ, ఫరవాలేదండీ అనుకుంటూ మారిసోల్ మేడెక్కి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి కలలోకి ఖాళీ కుర్చీలు రావడం మొదలుపెట్టాయి. కొన్ని కుర్చీలు ఆవలించేవి కూడా.

అయినా ఆ పిల్ల మనసు మంచిది. వీళ్లు రాకపోతే మాత్రం ఏం, ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని చూశారు కదా, వైవాకి ముందు రోజు వీళ్లకి నా చేత్తో ఏదైనా వండిపెట్టాలి అనుకుంది. గస్తోన్‌కి ఇష్టమైనది ఏమిటో ఊరందరికీ తెలుసు. అవి ఎక్కడ దొరుకుతాయో మారిసోల్‌కి మాత్రమే తెలుసు. అంటే, తెలుసని ఆమె అనుకుంది. చేరిన కొత్తలో ఆమె అమాయకంగా అడిగితే గస్తోన్ తడుముకోకుండా, "సమాధుల తోట వెనక, ఉత్తరం వాలులో, దేవదారు చెట్ల కింద" అని చెప్పాడు. ఊరు ఊరంతా వెదికినా గస్తోన్ మురో మాట నమ్మిన ప్రాణి ఇంకోటి దొరకదు.

వెళ్లింది. బుట్టెడు దొరికాయి. బొద్దుపాటి కాడ, కాల్చిన రొట్టె రంగు గొడుగు.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఏరుకొచ్చిన పుట్టగొడుగుల్ని మందుల షాపుకి పట్టుకెళ్తే, రొలాన్ మేడమ్ ఒక్కోదాన్నీ తిరగేసి చూసి, తినేది ఇటు, పారేసేది అటు వేస్తుంది. మారిసోల్ కూడా షాపు గుమ్మం దాకా వెళ్లింది. లోపల వరసలో నించున్న వాళ్లంతా ఒకళ్ల బుట్టలోకి ఒకళ్లు తొంగిచూస్తూ, "ఎక్కడివండీ ఇవీ?" అని ఆరా తీస్తున్నారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఇది తన రహస్యం కాదు. నమ్మి చెప్పిన పెద్దమనిషి గుట్టు. ఎవరైనా గట్టిగా అడిగితే తనకి అబద్ధమాడ్డం చేతకాదు. బుట్ట మీద కోటు కప్పి వెనక్కి వచ్చేసింది.

ఇంటినుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు నలిపి, ఉల్లిపాయలు వేసి, బాణలి నిండా వేయించింది. కంగారుకి ఆకలి చచ్చిపోయి, తను రుచి కూడా చూడలేదు. గస్తోన్ వచ్చాడు. అలవాటు చొప్పున చెత్తబుట్ట మీదికి వంగి తరిగిపారేసిన ముక్కల్ని చూశాడు. అలా వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఏవయ్యా, నడుం పట్టేసిందా?" అంది ఒదెత్.

గస్తోన్ మెల్లిగా లేచి, జన్మలో ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు. "ఎక్కడ కోశావమ్మడూ?"

"మీరు చెప్పిన చోటేనండీ. సమాధుల తోట వెనక." ఇంకా గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పలేదు" అంది మారిసోల్.

గస్తోన్ కూర్చున్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మీసం ఒకసారి కుడివైపు నుంచి ఎడమవైపుకి వెళ్లి వచ్చింది. అప్పుడు బాణలి మొత్తం తన ముందుకి లాక్కుని, చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇది నాది, ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడు. ఒదెత్ ఫోర్కు చాచితే చెంచాతో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు.

"సిగ్గులేదూ నీకు? పిల్ల కష్టపడి వండితే దానికి కూడా పెట్టకుండా తింటావా?"

గస్తోన్ బాణలి మీదికి ఇంకాస్త వంగాడు. వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. కళ్లవెంట ధారలు. ఎందుకేడుస్తున్నావంటే, మెక్సికో మిరపకాయలు అన్నాడు. బాణలి అడుగు కనబడేదాకా తిని, కూజాడు నీళ్లు ఎత్తిపట్టి తాగి, గుడ్‌నైట్ అయినా చెప్పకుండా వెళ్లి పడుకున్నాడు. మారిసోల్‌కి మనసు చివుక్కుమంది. ఒక్క ముక్క అయినా ఉంచలేదే అనుకుంది.

తెల్లారి ఆమె కిందికి దిగేసరికి గస్తోన్ లేడు. ఒదెత్ కోటు వేసుకుని, పెద్ద సంచీ పట్టుకుని గడపలో ఉంది. దోల్ బండికి టైమైపోతోందంది.

"ఆయనేరండీ?"

"పళ్ల డాక్టరు దగ్గరికట. రాత్రంతా నిద్రపోతే ఒట్టు. పొట్ట పట్టుకుని అటూ ఇటూ తిరగడం, నీళ్లు తాగడం, మళ్లీ తిరగడం," అని ఒదెత్ వెళ్లిపోయింది.

మారిసోల్‌కి రాత్రి బాణలి గుర్తొచ్చింది. కొన్ని పుట్టగొడుగుల విషం తిన్న రాత్రి మామూలుగా ఉండి మర్నాడు పైకి తేలుతుందని ఎక్కడో చదివింది. వైవా మధ్యాహ్నం. మనిషి ఎక్కడున్నాడో తెలియదు. చెత్తబుట్టలో ముక్కలు కాగితం సంచీలో వేసుకుని, థీసిస్ చంకలో పెట్టుకుని, మందుల షాపుకి పరిగెత్తింది. పనిరోజు పట్టపగలు షాపు మూసి ఉంది. తలుపుకి 'సాయంత్రం తెరుస్తాం' అని చీటీ.

లూసియెన్ దుకాణం సగం తలుపు వేసి ఉంది. అతను ఏప్రాను మీద టై కట్టుకుని ఉన్నాడు. మురో గారిని చూశారా అంటే, పొద్దున్నే పొంతార్లియే అనే ఊరు వెళ్లాడు, ఎవరో చనిపోయారట అన్నాడు. ఆ మాట వినగానే మారిసోల్‌కి ఆ చనిపోయింది ఎవరో కూడా తెలిసిపోయినట్టే అనిపించింది. బస్సు స్టాపు దగ్గర సెలోమ్ కనిపించాడు. గుడ్డ కప్పిన పెద్ద పళ్లెం ఒకటి రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మురో గారా, గడియారం బాగుచేయించుకోవడానికి వెళ్తున్నాడు, ఇప్పుడే చూశాను అన్నాడు.

"ఆయన గడియారాల పనివాడు సెలోమ్. ఎవరితో బాగుచేయించుకుంటాడు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా చెల్లెమ్మా," అని సెలోమ్ పళ్లెంతో సహా వచ్చిన బస్సెక్కేశాడు.

ఆసుపత్రికి వెళ్లింది. ఒగరుస్తూ, విషం తిన్నారు, పెద్దాయన, త్వరగా రండి అంది. నర్సు పెన్ను తీసి పేరడిగింది. గస్తోన్ మురో అని చెప్పగానే పెన్ను ఆగింది.

"ఎక్కడున్నాడమ్మా?"

"అదే తెలియట్లేదండీ."

"అది తెలిస్తే ఊరంతా బుట్టలు పట్టుకుని అక్కడికే వెళ్లేది," అంది నర్సు. అయినా మారిసోల్ ముఖం చూసి నవ్వు ఆపుకుని, దొరికిన వెంటనే తీసుకురమ్మంది, అంబులెన్సు సిద్ధంగా ఉంచుతామంది.

ఇంతలో చర్చి గంట కొట్టింది. వైవాకి వేళైంది. వెళ్లకపోతే ఇన్నాళ్ల చదువు పోతుంది. వెళ్తే, తను అక్కడ గడియారాల గురించి మాట్లాడుతుండగా ఆ గడియారాల మనిషి ఏ చెట్టు కిందో పడి ఉంటాడు. వీధి మధ్యలో నిలబడి ఆ పిల్ల ముందు అటు రెండడుగులు వేసింది, తర్వాత ఇటు రెండడుగులు వేసింది. చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. ప్రొఫెసర్లకి ఉన్న సంగతి చెప్పి, వైవా ఆపించి, అందరినీ వెంటబెట్టుకుని అడవి గాలించాలి. చదువు పోతే పోయింది.

మెట్లెక్కి, తలుపు తోసి, "క్షమించండి, నేను వైవా..." అంటూ ఆగిపోయింది.

గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ముందు వరసలో మందుల షాపు రొలాన్ మేడమ్, ముత్యాల దండతో. పక్కన లూసియెన్, ఏప్రాను లేకుండా టైతో. ఫాదరు గారు. సెలోమ్, ఒళ్లో పళ్లెం. దోల్‌లో ఉండాల్సిన ఒదెత్, దోల్‌లో ఉండాల్సిన చెల్లెలితో సహా. వాళ్ల వెనక గడియారాల పని చేసిన ముసలివాళ్లంతా పెళ్లిళ్లకు వేసుకునే కోట్లలో. అందరికంటే వెనక, గోడకి ఆనుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, గస్తోన్ మురో. ముఖం కాస్త పచ్చగా ఉంది. మనిషి మాత్రం బతికే ఉన్నాడు.

వీళ్లంతా ఒకే అబద్ధం ఒక్కొక్కరూ ఒక్కోలా ఆడారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వేరే చెప్పాలా.

మారిసోల్ మొదలుపెట్టింది. మొదట్లో కాగితం సంచీని థీసిస్ అనుకుని తెరవబోయింది గానీ, తర్వాత కుదురుకుంది. చిక్కు మూడో అధ్యాయం దగ్గర వచ్చింది. కమిటీలో పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, ఈ అధ్యాయం అంతా ఒకే ఒక్క సాక్షి మాట మీద నిలబడింది కదా, ఆ మనిషి మాట నమ్మదగినదేనా అని అడిగాడు.

గది మొత్తం ఒక్కసారిగా దగ్గింది. లూసియెన్ టై వదులు చేసుకున్నాడు. ఫాదరు గారు పైకప్పుకేసి చూశారు. వెనక గస్తోన్ టోపీని గిరగిరా తిప్పుతున్నాడు.

మారిసోల్ చేతిలో కాగితాలు కింద పెట్టింది. ఇక్కడ తడబడితే అంతా పోయినట్టే. గస్తోన్‌కేసి చూసింది. శీతాకాలమంతా వంటింట్లో దీపం కింద విన్న మాటలు గుర్తొచ్చాయి. ఒక చిన్న చక్రం పన్ను అరిగితే ఎలా తెలుస్తుందో చెప్పడానికి అతను ఎన్నిసార్లు లేచి వెళ్లి ఆ చక్రం తెచ్చి చూపించాడో గుర్తొచ్చింది.

"గడియారాల గురించి ఆయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదండీ," అంది. "చెప్పిన ప్రతిదీ మిగతా పనివాళ్లని అడిగి సరిచూశాను. తను ఎక్కడికి వెళ్తున్నాడో అడిగితే మాత్రం ఆయన మాట నమ్మకూడదు. నేను నమ్మాను, నిన్న."

కోట్ల వరసల్లో ముసలివాళ్లు అవునవునని తలలూపారు. పెద్దాయన కళ్లజోడు కిందికి దించుకుని, అయితే సాక్షి పరిధి స్పష్టంగా ఉందన్నమాట అని రాసుకున్నాడు. పట్టా వచ్చింది. మంచి మార్కులతోనే వచ్చింది.

బల్ల దగ్గర చూడాలి సంబరం. సెలోమ్ పళ్లెంలో వేయించిన అరటి ముక్కలు. ఒదెత్ సంచీలోంచి పెద్ద చీజ్ పై. లూసియెన్ సాసేజీలు. ప్రొఫెసర్లు ఈసారి మర్యాద మరిచి తిన్నారు. మధ్యలో చిన్న స్టవ్వు మీద ఒక బాణలి, పొద్దున గస్తోన్ ఎక్కణ్ణించో తెచ్చి వేసిన, వెన్నలో చిటపటలాడుతున్న సెప్‌లు. ఆ వాసనకి పక్క గదుల వాళ్లు కూడా ఏదో ఒక వంక పెట్టుకుని తలుపు తట్టారు.

మారిసోల్ తినకుండా, రొలాన్ మేడమ్‌ని పక్కకి లాగి కాగితం సంచీ తెరిచి చూపించింది. ఆవిడ ఒక ముక్క తిరగేసి, నాలుక చివర ఆనించి, వెంటనే చేతిరుమాల్లో ఉమ్మేసింది.

"ఇది విషం కాదమ్మా. సెప్‌కి కవల పిల్లలా ఉంటుంది, చేదు. ఒక్క ముక్క పడితే బాణలి బాణలి పారబోసుకోవాల్సిందే. నా సర్వీసులో దీన్ని మింగినవాణ్ణి చూడలేదు. ఎవరైనా తిన్నారా?"

"బాణలి మొత్తం," అంది మారిసోల్ చిన్న గొంతుతో.

ఆవిడ చెంచా పట్టుకుని నిలబడిన గస్తోన్‌కేసి చూసింది. ఒదెత్ కూడా చూసింది. చెంచా దెబ్బ తిన్న తన వేళ్లకేసి చూసుకుంది. దగ్గరికెళ్లి అతని కోటు కాలరు సరిచేసింది.

ఇంతలో ఫాదరు గారు మారిసోల్ పక్కకి చేరి, గొంతు మెత్తగా చేసి అడిగారు. "నీకైనా చెప్పాడా తల్లీ, ఈ మంచివి ఎక్కడివో?"

మారిసోల్ కన్నార్పలేదు. "సమాధుల తోట వెనకనండీ. ఉత్తరం వాలులో."

గస్తోన్ చెంచాతో కలపడం ఒక్క క్షణం ఆపి, మళ్లీ కలిపాడు. మీసం కింద ఏదో కదిలింది.

మర్నాడు పొద్దున్నే గస్తోనూ మారిసోలూ రొట్టె కొనుక్కొస్తామని వెళ్లారు. మధ్యాహ్నానికి వచ్చారు, మోకాళ్ల దాకా మట్టితో, బరువైన బుట్టతో. రొట్టె లేదు. ఒదెత్ బాణలి పొయ్యి మీద పెట్టింది.

ఇవన్నీ నిజమేనా అని గస్తోన్‌ని అడిగినవాళ్లున్నారు. అతను మీసం సర్దుకుని, జాలిగా చూస్తాడు.

"మెక్సికో పిల్లా? మా ఇంటికి మేడే లేదు. పుట్టగొడుగులు నాకు సరిపడవు, వాటి జోలికే పోను. మీకెవరో కట్టుకథ చెప్పారు. ఆ గురువారం నేను ఊళ్లోనే లేను, పళ్ల డాక్టరు దగ్గరున్నాను."